ప్రాచీన హీబ్రూ, అరామిక్ శాసనాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

మీరు అడిగినవి రెండు. తెలుగు బైబిలు చదివే ఇంట్లో పెరిగి, ఎం.ఏ. చరిత్ర ముగించి, ఆరు నెలలుగా సొంతంగా హీబ్రూ అక్షరాలు దిద్దుతున్నానన్నారు. ప్రాచీన హీబ్రూ, అరామిక్ శాసనాలు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది మొదటి ప్రశ్న. ఆ శాసనాలు బైబిలులోని చరిత్రను రుజువు చేస్తాయా, కాదంటాయా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. ముందు హీబ్రూ, అదీ ఒక ఏడాది గట్టిగా. రాజుల గ్రంథాలు, న్యాయాధిపతులు వంటి వచన భాగాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదవగలిగే దాకా. ఆ తర్వాత పాత హీబ్రూ లిపి, ఆ పైన అరామిక్. లిపి సంగతి ఇప్పుడే చెప్పాలి. మీరు దిద్దుతున్న నలుచదరపు అక్షరాలు అసలు అరామిక్ లిపి నుంచి వచ్చినవి. బబులోను చెర (క్రీ.పూ. 6వ శతాబ్దంలో యూదులను బబులోనుకు తరలించుకుపోయిన కాలం) తర్వాతి శతాబ్దాల్లో యూదులు వాటికి అలవాటుపడ్డారు. క్రీ.పూ. 8వ శతాబ్దం చివరి యూదా రాజు హిజ్కియా నాటి యెరూషలేములో రాసిన అక్షరాలు వేరు. అవి ఫినీషియన్ లిపికి దగ్గరి చుట్టాలు. ఉన్నవి 22, అన్నీ హల్లులే. ఈ లిపి నేర్చుకోవడం పది రోజుల పని, భయపడకండి. కష్టమంతా ఆ తర్వాత ఉంది.

రెండో ప్రశ్నకే ఎక్కువ చెప్పాలి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక సెమినారులో, తేల్ దాన్ శాసనంలో ఇశ్రాయేలు రాజు యెహోరాము పేరు ఉందని ధీమాగా చెప్పాను. వెనక వరసలో కూర్చున్న పెద్దాయన ఒక్క మాట అడిగారు: "ఆ పేరులో ఎన్ని అక్షరాలు రాయి మీద చూశావు?" నేను చదివింది అచ్చు పుస్తకంలోని పాఠం. అందులో కుండలీకరణాలు ఉన్నాయి, వాటిని నా కళ్ళు దాటేశాయి. రాయి మీద ఉన్నది పేరు చివరి రెండు అక్షరాలు: ర, మ. మిగిలినదంతా శాసనాన్ని పరిష్కరించిన పండితుల పూరణ. మంచి పూరణే. అయినా అది రాయి కాదు. ఆ రోజు నుంచి ఏ శాసనం ముట్టుకున్నా ముందు చేసే పని ఒకటే: రాయి మీద ఉన్నదెంత, మనం చేర్చినదెంత అని రెండు రంగుల్లో రాసుకోవడం. మీకు నేను చెప్పదలచినది ముఖ్యంగా ఇదే. గ్రంథాన్ని తెచ్చి పక్కన పెట్టేముందు రాయిని తన మాట పూర్తిగా చెప్పనివ్వండి.

దీన్ని ఒక శాసనం మీద చూపిస్తాను. మీరు మొదట చదవాల్సినదీ అదే: సిలోయం శాసనం.

యెరూషలేములో గీహోను ఊట నుంచి సిలోయము కోనేటికి కొండ లోపలినుంచి నీళ్ళు తెచ్చే సొరంగం ఉంది. వంకర టింకరగా సుమారు 533 మీటర్ల పొడవు. 1880లో నీళ్ళలో ఆడుకుంటున్న కుర్రాళ్ళలో ఒకడు, కోనేటి వైపు చివరికి కాస్త లోపల, గోడ మీద గీతలు చూశాడు. అవి ఆరు వరుసల అక్షరాలని తేలింది. 1890 ప్రాంతంలో ఎవరో ఆ పలకను గోడనుంచి తొలిచి తీశారు, ఆ తొలవడంలోనే అది ముక్కలైంది. దొరికిన ముక్కలు ఇప్పుడు ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. అప్పుడు యెరూషలేము ఒట్టోమాన్ పాలనలో ఉండేది కాబట్టి అక్కడికి చేరాయి.

దానిలో ఉన్నది ఇది. తవ్వకం ముగిసిన తీరు ఇలా ఉంది అని మొదలవుతుంది. తవ్వేవాళ్ళు ఒకరికి ఎదురుగా ఒకరు పలుగులతో కొడుతూ వస్తున్నారు. ఇంకా మూడు మూరలు మిగిలి ఉండగా ఒకడు అవతలివాణ్ణి పిలిచే గొంతు వినిపించింది. ఎందుకంటే బండలో కుడివైపున ఏదో ఒకటి ఉంది. తవ్వకం కలిసిన రోజున పలుగుకు పలుగు తగిలేలా కొట్టారు, ఊట నుంచి కోనేటికి 1200 మూరలు నీళ్ళు పారాయి, తవ్వేవాళ్ళ తలల మీద బండ ఎత్తు 100 మూరలు. అంతే, అయిపోయింది.

రాజు పేరు లేదు. పాలనా సంవత్సరం లేదు. దేవుడి పేరు లేదు. స్వస్తిశ్రీతో మొదలై బిరుదులు, శకవర్షం, దానం, చివర శాపశ్లోకం చూసి అలవాటైన మనకు ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. పైగా శాసనం కోసం చెక్కి నునుపు చేసిన పలకలో పై సగం ఖాళీగా ఉంది. రాత అంతా కింది సగంలోనే. పై సగంలో బొమ్మ చెక్కాలనుకున్నారా, రాజు పేరు రాయాలనుకున్నారా అని చాలా ఊహలున్నాయి. ఖాళీ మాత్రం ఖాళీగానే ఉంది.

మరి ఇది హిజ్కియా తవ్వించిన సొరంగమని ఎందుకంటారు? రాజులు రెండవ గ్రంథం 20:20లో అతడు కొలను, కాలువ చేయించి పట్టణంలోకి నీళ్ళు రప్పించాడని ఉంది. దినవృత్తాంతముల రెండవ గ్రంథం 32:30లో గీహోను పేరు కూడా ఉంది. ఇది ఒక ఆధారం. అక్షరాల తీరు క్రీ.పూ. 8వ శతాబ్దం చివరికి సరిపోతుంది, అది రెండోది. 2003లో సొరంగం గోడల పూతలో చిక్కుకున్న మొక్కల అవశేషాలను రేడియో కార్బన్‌తో, పైకప్పు నుంచి దిగిన సున్నపు ఊడను యురేనియం–థోరియం పద్ధతితో పరీక్షించి, క్రీ.పూ. 700 ప్రాంతానికి సరిపోతుందని ప్రకటించారు. అది మూడోది. ఈ మూడూ ఒకదాన్నొకటి అడగకుండా విడివిడిగా వచ్చి ఒకేచోట కలిశాయి కాబట్టే వాటికి బలం. నాకు బైబిలు వచనం ముందే తెలుసు కాబట్టి అక్షరాలు 8వ శతాబ్దానివి అనిపించాయి అంటే మాత్రం మీ దగ్గర ఉన్నది మూడు సాక్ష్యాలు కావు, ఒక్కటే.

ఇప్పుడు కాస్త దగ్గరికి వెళ్దాం. రెండో వరుస చివర క లాంటి ధ్వని ఉన్న కోఫ్ అనే ఒక్క అక్షరంతో ఆగిపోతుంది. "పిలుస్తూ" అనే మాటలో మిగతా అక్షరాలు మూడో వరుసలో ఉన్నాయి. మాటను రెండు వరుసలకు తుంచడం వాళ్ళకు తప్పు కాదు. మాటకూ మాటకూ మధ్య చిన్న చుక్క ఉంటుంది, అదే మనకు దారి చూపేది. "మనిషి" అనే మాటకు మీరు నేర్చుకున్న హీబ్రూలో మధ్యన యోద్ (య) ఉంటుంది, ఇక్కడ లేదు. "గొంతు" అనే మాటలో వావ్ (వ) లేదు. అచ్చు ఉందని చూపడానికి మాట మధ్యలో ఆ అక్షరాలు వాడే అలవాటు అప్పటికి బలపడలేదు. కానీ "ఊట" అనే మాటలో వావ్ ఉంది! అక్కడ అది అచ్చుకు గుర్తుగా కాదు. మోత్సా అని మనం పలికేదాన్ని వాళ్ళు ఇంకా మవ్త్సా లాగా పలికేవారు, ఆ వ ధ్వని నిజంగా నోట ఉండేది. 2700 ఏళ్ళ కిందటి నోటి పలుకు ఒక్క అక్షరంలో పట్టుబడిన చోటు ఇది. నాకు ఈ శాస్త్రం మీద ప్రేమ పుట్టింది ఇలాంటి అక్షరాల దగ్గరే.

ఇంతకీ బండలో కుడివైపున ఉన్న ఆ "ఏదో ఒకటి" ఏమిటి? మూడో వరుసలో జ, ద, హ అనే మూడు హల్లులు స్పష్టంగా ఉన్నాయి. చదవడంలో ఇబ్బంది లేదు. కానీ ఆ మాట బైబిలులో ఎక్కడా లేదు. పగులు అన్నారు కొందరు, రెండు సొరంగాలు పక్కపక్కగా దాటిపోయిన చోటు అన్నారు మరికొందరు. అనువాదాల్లో "పగులు" అని నిస్సంకోచంగా కనిపిస్తుంది. మీ నోట్సులో ఆ మాటను హల్లులుగానే ఉంచండి.

ఇక తేల్ దాన్. 1993 జూలైలో ఇశ్రాయేలు ఉత్తర కొసన, అవ్రహాం బిరాన్ నడిపిన తవ్వకాల్లో, సర్వే పని చేస్తున్న గిలా కుక్ అనే ఆమె ఒక గోడలో వాడేసిన నల్లరాయి ముక్క మీద అక్షరాలు గుర్తించారు. మరుసటి ఏడాది ఇంకో రెండు ముక్కలు దొరికాయి. అంతా కలిపి 13 వరుసలు, ఏ వరుసా పూర్తిగా లేదు. భాష అరామిక్. అదెలా తెలుస్తుందంటే, "కుమారుడు" అనడానికి బర్ అని ఉంది, హీబ్రూలో అయితే బెన్ అని ఉండాలి. ఇలాంటి చిన్న గుర్తులు వంటపట్టించుకోండి. బహువచనానికి హీబ్రూ మ పెడుతుంది, అరామిక్ న పెడుతుంది. "ఆ రాజు" అనడానికి హీబ్రూ మాట ముందు హ చేరుస్తుంది, అరామిక్ మాట చివర అలెఫ్ అనే అక్షరం చేరుస్తుంది. మోయాబు రాజు మేషా వేయించిన శిలలో కుమారుడికి బెన్ అని, మాట ముందు హ అని ఉంటాయి, బహువచనం మాత్రం న. కాబట్టి అది హీబ్రూ కాదు, అరామికూ కాదు, మోయాబీయుల సొంత భాష. లిపి ఒకటే కదా అని భాష ఒకటే అనుకోకూడదు.

తేల్ దాన్ శిలలో మాట్లాడుతున్న రాజు తన పేరు చెప్పిన చోటు విరిగిపోయింది. హదదు దేవుడు తనను రాజును చేశాడని, శత్రువుల మీదికి తన ముందు నడిచాడని అంటాడు. తర్వాత, "…రమ్ కుమారుడు", "ఇశ్రాయేలు రాజు", "చంపాను", "…యాహు కుమారుడు", ఆ తర్వాతి వరుసలో బ–య–త–ద–వ–ద అని ఆరు అక్షరాలు, మధ్యలో చుక్క లేకుండా. బైత్ అంటే ఇల్లు, దవద అంటే దావీదు. ఈ శిలలో మాటల మధ్య చుక్కలు పెడతారు కదా, ఇక్కడ ఎందుకు లేదు, ఇది ఒక ఊరి పేరో గుడి పేరో కావచ్చు కదా అని కొందరు పండితులు అభ్యంతరం చెప్పారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఆ నాటి వాడుకలో దొరుకుతుంది. అష్షూరు (అస్సీరియా) శాసనాలు ఇశ్రాయేలు రాజ్యాన్ని "ఒమ్రీ ఇల్లు" అని పిలుస్తాయి. సిరియాలో బీత్ అగూసి అనే రాజ్యం ఉంది. వంశకర్త పేరుకు ఇల్లు చేర్చి రాజ్యాన్ని పిలవడం ఆ ప్రాంతపు పద్ధతి. అలా పిలిచినప్పుడు రెండు మాటలు కలిసి ఒక్క పేరైపోతాయి. పైగా ఇక్కడ అది "ఇశ్రాయేలు రాజు" అన్న మాటకు జోడుగా వచ్చింది. అందువల్ల ఇది యూదా రాజ్యం, దావీదు వంశం అని చాలామంది ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇది ఏం చెబుతుంది? క్రీ.పూ. 9వ శతాబ్దంలో యూదా పాలకుల వంశానికి దావీదు పేరు ఉండేదని పొరుగు శత్రువుకు తెలుసునని చెబుతుంది. దావీదు రాజ్యం ఎంత పెద్దది, యెరూషలేము అప్పుడు ఎలా ఉంది అన్న సంగతులు ఆ ఆరు అక్షరాల్లో లేవు.

రమ్ అని ముగిసే పేరున్న ఇశ్రాయేలు రాజు యెహోరాము ఒక్కడే. అతని కాలపు యూదా రాజు అహజ్యా, హీబ్రూలో అహజ్యాహు. అందుకే ఆ పూరణ బలమైనది, మాట్లాడుతున్నది దమస్కు రాజు హజాయేలు అనడమూ దానితోనే వచ్చింది. ఇక్కడ అసలు చిక్కు ఉంది. రాజులు రెండవ గ్రంథం 9వ అధ్యాయంలో ఆ ఇద్దరు రాజుల్లో ఒకణ్ణి తానే చంపి, మరొకణ్ణి చంపించి, ఇశ్రాయేలు సింహాసనం పట్టినవాడు యెహూ. రాయి మీద అరామీయుల రాజు నేనే చంపానంటున్నాడు. కొందరు వెంటనే రాజీ చేస్తారు, యెహూ హజాయేలు తరపున పనిచేశాడేమో అని. కావచ్చు. కానీ గెలిచిన రాజు రాయించే శిలలో గొప్పలు ఉంటాయి, యెహూ వంశం కింద రాసిన చరిత్రలో ఆ వంశపు అవసరాలు ఉంటాయి. హజాయేలు తన శిలలో "నా తండ్రి" అని రాజుగా చెప్పుకుంటాడు. అదే హజాయేలును అష్షూరు రాజు మూడో షల్మనేసెరు తన శాసనంలో "ఎవరికీ పుట్టని వాడు" అంటాడు, అంటే రాజ్యం కాజేసినవాడని. మూడు నోళ్ళు, మూడు అవసరాలు. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇక్కడుంది. రుజువు, ఖండన అనే రెండు పెట్టెలు పక్కన పెట్టి, ఎవరు, ఎవరు చదవాలని, ఏ అవసరంతో రాయించారు అని అడగండి. బైబిలు రచయితలనూ అదే గౌరవంతో అదే ప్రశ్న అడగండి.

ఎవరు చదవాలని అన్న ప్రశ్న ఎంత పనికొస్తుందో చూపడానికి తేల్ ఫెఖెరియే విగ్రహం చాలు. 1979లో సిరియా ఈశాన్యంలో దొరికింది, నిలువెత్తు మనిషి బొమ్మ. దాని మీద ఒకే విషయం అష్షూరువాళ్ళు వాడే అక్కాదియన్‌లోనూ అరామిక్‌లోనూ ఉంది. గోజాను పాలకుడు హదద్–యిథీ వేయించాడు. అక్కాదియన్‌లో రాసినచోట అతడు "అధిపతి", అంటే పెద్ద రాజు కింద పనిచేసేవాడు. అరామిక్‌లో రాసినచోట అదే మనిషి "గోజాను రాజు". ఒకే బొమ్మ, ఒకే మనిషి, చదివేవాళ్ళను బట్టి హోదా మారింది. ఒక్క భాషే మిగిలి ఉంటే మనం సగమే నమ్మేవాళ్ళం. ఇదే శాసనంలో బొమ్మకు వాడిన రెండు మాటలు, స్వరూపం, పోలిక అనేవి, ఆదికాండము 1:26లో దేవుడు "మన స్వరూపమందు మన పోలికె చొప్పున" అన్నచోట ఉన్న హీబ్రూ మాటలకు తోబుట్టువులు. ఆ వచనాన్ని గుళ్ళలో నిలబెట్టే రాజవిగ్రహాల భాషతో కలిపి చదవాలని ఈ రాయే నాకు నేర్పింది.

ఈ విగ్రహంతోనే ఇంకో పాఠం. అక్షరాల ఆకారాన్ని బట్టి చూస్తే ఇది క్రీ.పూ. 11వ శతాబ్దానిదని లిపి పండితుడు యోసెఫ్ నవే వాదించారు. చరిత్ర, శిల్పం తీరు బట్టి 9వ శతాబ్దమని తొలి పరిష్కర్తలు నిర్ణయించారు. ఈనాడు ఎక్కువమంది రెండో మాటే ఒప్పుకుంటారు. అంటే మారుమూల చోట్ల పాత అక్షరాలు చాలాకాలం బతుకుతాయి. లిపిని బట్టి కాలం చెప్పేటప్పుడు "క్రీ.పూ. 742" అని ఎవరైనా అంటే నమ్మకండి. అర్ధ శతాబ్దం అటూ ఇటూ అనడం నిజాయితీ.

రాత కాలం వేరు, రాతలో చెప్పిన మనిషి కాలం వేరు అన్నది కూడా మరవకండి. 1931లో యెరూషలేము ఒలీవల కొండ మీది రష్యన్ మఠం సేకరణలో సుకెనిక్ అనే పురావస్తు పండితుడికి ఒక పలక కనిపించింది. "యూదా రాజు ఉజ్జియా ఎముకలను ఇక్కడికి తెచ్చారు. తెరవకూడదు" అని అరామిక్‌లో ఉంది. ఉజ్జియా క్రీ.పూ. 8వ శతాబ్దపు రాజు. అక్షరాలు క్రీస్తు కాలం నాటివి. ఏడు వందల ఏళ్ళ తర్వాత ఎవరో ఎముకలు తరలించి అవి ఉజ్జియావని నమ్మారు. ఆ నమ్మకానికి ఈ పలక గట్టి సాక్ష్యం.

రాజుల రాళ్ళ గురించే చెబుతున్నాను, నాకు ఎక్కువ ఇష్టమైనవి కుండపెంకులు. పగిలిన కుండ ముక్క మీద సిరాతో రాసి పంపేవారు, జమ్ముతో చేసే పపైరస్ ఖర్చు లేదు. ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోనులో 1910లో దొరికిన పెంకులు ద్రాక్షారసం, నూనె లెక్కలు. వాటిలో "ద్రాక్షారసం" అనే మాట రెండు అక్షరాలే, దక్షిణాన యూదాలో రాసిన పెంకుల్లో అదే మాటకు మూడు అక్షరాలు. ఉత్తరాది పలుకు, దక్షిణాది పలుకు వేరని మద్యం లెక్కలు చెబుతున్నాయి. యూదాలోని అరాదు కోట పెంకులను 1960ల్లో యోహానాన్ అహరోని తవ్వి తీశారు. ఫలానా కిత్తీయులకు (కిరాయి సైనికులు కావచ్చు) ఇంత ద్రాక్షారసం, ఇంత పిండి ఇవ్వు అని ఎల్యాషీబు అనే సరుకుల అధికారికి వచ్చిన ఆజ్ఞలు చాలా ఉన్నాయి. 2016లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కంప్యూటరుతో దస్తూరీలు పోల్చి, ఈ పెంకుల్లో కనీసం ఆరుగురి చేతిరాత ఉందని తేల్చారు. ఓ మారుమూల కోటలో, కింది స్థాయి ఉద్యోగుల్లో కూడా చదువు ఉందన్నమాట. మరుసటి ఏడాది 16వ నంబరు పెంకును రకరకాల కాంతుల్లో ఫొటో తీస్తే, యాభై ఏళ్ళ పాటు ఖాళీ అనుకున్న వెనకవైపు రాత బయటపడింది. అందులోనూ ద్రాక్షారసమే అడిగారు.

యూదాలోని లాకీషు కోట ఉత్తరాలూ పెంకులే. 1935లో కోట ద్వారం దగ్గరి గదిలో దొరికాయి, బబులోను రాజు నెబుకద్నెజరు దండు యూదాను తుడిచిపెట్టడానికి కొద్దికాలం ముందువి. మూడో ఉత్తరంలో ఒక అధికారి పై అధికారికి ఉడుక్కుంటూ రాస్తాడు: నీకు ఉత్తరం చదవడం రాదన్నావు, యెహోవా జీవము తోడు, నాకు ఉత్తరం చదివిపెట్టడానికి ఎవరూ ఎప్పుడూ ప్రయత్నించలేదు! చదువు మీద ఆ మనిషికున్న అభిమానం ఇన్నేళ్ళకూ తగ్గలేదు. నాలుగో ఉత్తరం చివర, మేము లాకీషు మంటల సంకేతాల కోసం చూస్తున్నాం, ఎందుకంటే అజేకా మాకు కనబడటం లేదు అని ఉంది. యిర్మీయా 34:7లో చివరికి మిగిలిన కోటలు లాకీషు, అజేకా అని ఉంది కాబట్టి, ఈ ఉత్తరం రాసే నాటికి అజేకా పడిపోయిందని చాలా చోట్ల చదువుతారు. గుండె బరువెక్కే చదువు అది. కానీ పెంకు మీద ఉన్నది "కనబడటం లేదు" అన్న మాటే. రాసినవాడు ఉన్న చోటునుంచి కొండ అడ్డమై కనబడకపోవచ్చు కూడా. రెండు అర్థాలూ నోట్సులో పక్కపక్కన రాయండి.

అరామిక్ నేర్చుకోవడం దండగ పని అనుకోకండి. అష్షూరు, ఆ పైన పారసీక సామ్రాజ్యాలు దాన్ని కచేరీ భాష చేసుకున్నాయి కాబట్టి అది నైలు నది నుంచి మన దేశపు గడప దాకా నడిచింది. ఈజిప్టు దక్షిణాన ఎలిఫెంటైన్ దీవిలో పారసీకుల కొలువులో ఉన్న యూదు సైనికుల పపైరస్ పత్రాలు దొరికాయి. క్రీ.పూ. 410లో అక్కడి తమ యాహో (యెహోవా) ఆలయాన్ని ఖ్నూమ్ అనే ఈజిప్టు దేవుడి పూజారులు స్థానిక అధికారితో కలిసి కూల్చారని, మళ్ళీ కట్టుకోవడానికి సాయం చేయమని క్రీ.పూ. 407లో యూదా అధిపతి బాగోహీకి రాసిన అర్జీ ఉంది. ఆ అర్జీ ప్రతులు రెండు మిగిలాయి, ఒక ప్రతిలోని మాటలను మరో ప్రతిలో దిద్దిన తీరు చూస్తే కచేరీ గుమాస్తా పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. యెరూషలేము తప్ప మరో చోట బలులు కూడదన్న ఆజ్ఞ తమకు తెలిసినట్టు వాళ్ళు ఎక్కడా రాయరు.

ఇక తూర్పు కొస. 1958లో కాందహారులో అశోకుని శాసనం బయటపడింది, పైన గ్రీకు, కింద అరామిక్. "మా ప్రభువు ప్రియదర్శి రాజు" అని అరామిక్‌లో ఉంటుంది. మాంసం తగ్గించడం, జాలర్లు వేట మానడం, తల్లిదండ్రుల మాట వినడం, అన్నీ ఉన్నాయి, మధ్యమధ్యలో ఇరానీ మాటలు దొర్లుతాయి. తక్షశిలలో మరో అరామిక్ శాసనం దొరికింది. వాయవ్యాన వాడిన ఖరోష్ఠి లిపి అరామిక్ నుంచే పుట్టింది, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కర్ణాటకలోని బ్రహ్మగిరిలో అశోకుని బ్రాహ్మీ శాసనం చివర చపడుడనే లేఖకుడు "లిపికరేణ" అన్న మాటను ఖరోష్ఠిలో చెక్కాడు. ఇంటికి ఇంకా దగ్గరికి రండి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని చిన్న శిలాశాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, నాగలి చాళ్ళలా. లేఖకుడికి ఖరోష్ఠి అలవాటు ఉండేదా? ఆకర్షించే ఊహే. ఎందుకలా రాశాడో ఆ బండ మీద చెప్పలేదు. ఒకసారి వెళ్ళి ఆ వరుసల వెంట వేలు నడిపి చూడండి. కుడి నుంచి ఎడమకు రాయి చదవడం అక్కడే మొదలుపెట్టవచ్చు.

ఒక హెచ్చరిక. ఎక్కడ, ఏ పొరలో, ఏ వస్తువుల పక్కన దొరికిందో తెలియని, అంగడిలో కొన్న శాసనం మీద మీ వాదం కట్టకండి. ఇశ్రాయేల్ మ్యూజియం 1988లో కొన్న చిన్న దంతపు దానిమ్మకాయ సొలొమోను ఆలయం నుంచి మిగిలిన ఒకే వస్తువని పేరు పొందింది. 2004లో నిపుణుల సంఘం దాని మీది అక్షరాలు కొత్తగా చెక్కినవని చెప్పింది. పాత విరుగు అంచు దగ్గరికి వచ్చేసరికి గీతలు జాగ్రత్తగా ఆగిపోవడం వాళ్ళు చూపిన కారణాల్లో ఒకటి. దాని మీద వాదాలు ఇంకా నడుస్తున్నాయి. వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియం దగ్గరున్న 16 మృత సముద్రపు గ్రంథపు చుట్టల ముక్కలూ నకిలీవేనని 2020లో తేలింది. మన కళ్ళకు ఏది చూడాలని ఆశ ఉందో నకిలీ చేసేవాడికి ముందే తెలుసు. అందుకే బైబిలులోని ప్రసిద్ధమైన పేరు, సంపూర్ణమైన వాక్యం, దొరికిన చోటు తెలియకపోవడం, ఈ మూడూ కలిస్తే నేను చేయి వెనక్కి తీసుకుంటాను.

చివరగా పని పద్ధతి. ఫొటో ఒక్కటి చూసి చదవకండి. వెలుతురు ఒక వైపునుంచి పడితే గీతగా కనిపించేది మరో వైపునుంచి పడితే గీటు మాత్రమే. కనీసం మూడు ఫొటోలు, వీలైతే ఎస్టాంపేజీ (రాయి మీద కాగితం అద్ది తీసిన అచ్చు) చూడండి. మేషా శిలను 1869లో స్థానికులు పగలగొట్టారు. అంతకుముందు తడి కాగితం మీద తీసిన ఎస్టాంపేజీ ఆ గొడవలో చిరిగి ముక్కలైనా దక్కింది, లేకపోతే ఆ శిలలో చాలా వాక్యాలు మనకు ఉండేవి కావు. ఇప్పుడు రెండూ పారిస్‌లోని లూవ్రు మ్యూజియంలో ఉన్నాయి. జర్మన్ చదవడం మెల్లగా అలవాటు చేసుకోండి, పాత పరిష్కరణలు చాలా ఆ భాషలోనే ఉన్నాయి. దూరం వెళ్ళలేకపోతే కేరళ ఉంది. కొట్టాయంలోని సెయింట్ ఎఫ్రేమ్ సంస్థలో సిరియాక్ నేర్పుతారు, అది అరామిక్ కుటుంబపు భాషే. చేందమంగళంలో 1269 నాటి హీబ్రూ సమాధి రాయి ఉంది. క్రీ.శ. 849 నాటి కొల్లం రాగి రేకుల్లో సాక్షుల సంతకాలు అరబ్బీ, పహ్లవీ లిపులతో పాటు హీబ్రూ లిపిలోనూ ఉన్నాయి.

మొదటి నెల ఒక్కటే పని చేయండి. సిలోయం ఆరు వరుసలను పాత లిపిలో రోజుకొకసారి చేత్తో రాయండి, వరుస ఎక్కడ తెగిందో అక్కడే తుంచుతూ, చుక్కలతో సహా. రాయి పోయిన చోట పెన్సిలు ఎత్తి, అన్ని అక్షరాల మేర ఖాళీ వదలండి. నెల చివర మీ కాగితం ఫొటో తీసి నాకు పంపండి. రెండో వరుసలో "వినబడింది" అనే మాట దగ్గర మీరు ఎంత ఖాళీ వదిలారో ముందు చూస్తాను.